అప్రమత్తత

పాఠ్యభాగ ఉద్దేశం

వాహనం నడపడం నేర్చుకోవడం వేరు, రహదారిపై నడుచుకోవడం నేర్చుకోవడం వేరు. మొదటిది కొద్దిరోజుల పని. రెండవది జీవితాంతం పాటించవలసిన క్రమశిక్షణ. కళాశాలలో అడుగుపెట్టిన వయస్సులో ద్విచక్ర వాహనంపై మోజు కలగడం సహజం. ఆ వయస్సులో ఏర్పడే అలవాట్లు ప్రాణాపాయానికి ఎట్లా దారితీస్తాయో, వాటిని మొదటనే ఎట్లా సరిదిద్దుకోవాలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణ, తార్నాక కూడలి ఆధారంగా తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠ్యభాగం

మనం నిత్యం వాడే మాటలలో 'ప్రమాదం' ఒకటి. బస్సు ఢీకొన్నా, బండి జారిపడినా ప్రమాదం జరిగిందంటాం. మన ప్రమేయం లేకుండా విధివశాత్తు వచ్చిపడిన ఆపద అనే భావం నేడు ఆ మాటలో స్థిరపడింది. కాని సంస్కృతంలో ఆ పదానికి ఏమరుపాటు అని అర్థం. ఏమరి ఉన్నవాడు ప్రమత్తుడు. మత్తులో ఉన్నవానికి కూడా అదే పేరు. మెలకువతో ఉన్నవాడు అప్రమత్తుడు. ఆపదను తెలిపే మాట, దానికి విరుగుడైన మాట ఒకే ధాతువు నుండి పుట్టాయి. రహదారులపై జరిగే దుర్ఘటనలను పరిశీలిస్తే ఈ పదానికి గల పాత అర్థమే సరియైనదని తోస్తుంది.

హైదరాబాదు నగరంలో రద్దీ అధికంగా ఉండే కూడలులలో తార్నాక ఒకటి. సికింద్రాబాదు నుండి ఉప్పల్ వైపు పోయే రహదారి, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నుండి వచ్చే దారి, లాలాపేట వైపు పోయే దారి ఇక్కడ కలుస్తాయి. 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా తనిఖీ చేసే చోటు. తీగకంచె గల నాకా ఒకప్పుడు ఇక్కడ ఉండడం వల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. పరిసరాలలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, ఆర్టీసీ ఆసుపత్రి, ఎన్నో పాఠశాలలు, కళాశాలలు ఉన్నాయి. 2017 నవంబరులో ఈ మార్గంలో మెట్రో రైలు ప్రారంభమైంది. రైలు పైన నడుస్తున్నా కింద రద్దీ తగ్గలేదు. సిటీ బస్సులు, ఆటోలు, కార్లు, ద్విచక్ర వాహనాలు, వాటి మధ్య పుస్తకాల సంచులతో నడిచిపోయే విద్యార్థులు, అందరూ ఒకే దారిని పంచుకోవలసిందే.

ఈ కూడలికి కొద్ది దూరంలో విశ్వవిద్యాలయ ఆవరణ వాతావరణం మరొక విధంగా ఉంటుంది. 1918లో స్థాపితమైన ఈ విద్యాసంస్థలో, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం చుట్టూ ఉన్న దారులు విశాలమైనవి, చెట్ల నీడ గలవి. విద్యానగర్, అడిక్‌మెట్ వైపుల నుండి తార్నాకకు పోయేవారు ఎంతోకాలంగా ఈ ఆవరణ మీదుగా ప్రయాణిస్తున్నారు. తెల్లవారుజామున చుట్టుపక్కల కాలనీల పెద్దలు ఇక్కడ నడకకు వస్తారు. పగలంతా విద్యార్థులు వసతిగృహాల నుండి తరగతులకు, తరగతుల నుండి గ్రంథాలయానికి నడుస్తుంటారు. నగరంలోని ఇతర రహదారులతో పోలిస్తే ఇది ప్రశాంతమైన చోటు.

అయితే చెడు అలవాట్లకు బీజం పడేది ఇటువంటి ప్రశాంతమైన దారులలోనే. ఖాళీగా కనిపించే దారిలో వేగం పెంచాలనిపిస్తుంది. పోలీసు లేడు కదా అని శిరస్త్రాణాన్ని, అనగా హెల్మెట్‌ను, చేతికి తగిలించుకోవడం జరుగుతుంది. స్నేహితులు ముగ్గురు ఒకే బండిపై ఎక్కుతారు. దగ్గరి దారి కనిపిస్తే ఎదురుదిశలో నాలుగడుగులు పోతారు. ఆనాడు ఏమీ జరుగదు. మరునాడు కూడా ఏమీ జరుగదు. 'ఏమీ జరుగలేదు' అన్న ఈ అనుభవమే చెడు అలవాటుకు గురువు. నూరుసార్లు ఏమీ జరుగకపోవడం నూటొకటవసారి కూడా జరుగదనడానికి హామీ కాదు. 'అభ్యాసం కూసు విద్య' అని మన పెద్దలు అన్నారు. ఆ మాట మంచికెంత వర్తిస్తుందో చెడుకూ అంతే వర్తిస్తుంది. ఆవరణలో అభ్యసించిన నిర్లక్ష్యాన్ని విశ్వవిద్యాలయ ద్వారం దగ్గర దించి పోవడం సాధ్యం కాదు. అది చోదకునితోపాటు తార్నాక కూడలికి చేరుతుంది. ఆవరణలో క్షమించిన దారి, కూడలిలో క్షమించదు.

కూడలిలో తరచుగా కనిపించే దురలవాటు ఎదురుదిశలో వాహనం నడపడం. జనం దీనినే రాంగ్ రూటు అంటారు. మలుపు కోసం కొంతదూరం ముందుకు పోయి తిరిగిరావలసిన చోట, ఆ రెండు నిమిషాలు ఆదా చేయడానికి కొందరు రహదారి అంచున ఎదురు వస్తారు. తాము నెమ్మదిగానే వస్తున్నామని వారు సమర్థించుకుంటారు. కాని రహదారి దాటే మనిషి వాహనాలు వచ్చే వైపే చూస్తాడు; రెండవ వైపు నుండి వచ్చే బండి అతని ఊహలో ఉండదు. సరియైన దిశలో వచ్చే వాహనం కూడా అక్కడ ఎదురు వచ్చేవాడు ఉంటాడని భావించదు. రహదారి నియమాలన్నీ ఈ పరస్పర విశ్వాసం మీదనే నిలిచి ఉన్నాయి. ఎరుపు దీపాన్ని లెక్కచేయకుండా దూసుకుపోయేవాడు కూడా ఆ విశ్వాసాన్నే భంగపరుస్తున్నాడు. ఆకుపచ్చ దీపాన్ని నమ్మి అటువైపు నుండి బయలుదేరినవాడు చేసిన తప్పేమీ లేదు. అయినప్పటికీ శిక్ష అతనికి కూడా పడుతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఎరుపు దీపాన్ని దాటిపోవడాన్ని, ఎదురుదిశలో నడపడాన్ని, నడుపుతూ చేతిలో ఫోను వాడడాన్ని ప్రమాదకరమైన చోదనం కిందనే చేర్చింది.

ఇక వేగం విషయం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. ఎదుట ఆటంకాన్ని చూసి, మెదడు గ్రహించి, చేయి బ్రేకును అందుకోవడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 10 మీటర్లు పోతుంది. పొడి దారిలో మంచి బ్రేకులు ఉంటే ఆగడానికి మరొక 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. వేగాన్ని రెట్టింపు చేసి గంటకు 72 కిలోమీటర్లతో పోతే ఏమవుతుంది? ఆలోచన దూరం 20 మీటర్లవుతుంది. బ్రేకు వేసిన తరువాత ఆగే దూరం మాత్రం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అనగా 40 మీటర్లు. మొత్తం 60 మీటర్లు. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్ర తరగతిలో చదివిన సూత్రమే ఇది. పరీక్షలో దీనికి రెండు మార్కులు రావచ్చు. రహదారిపై దీని విలువ ఒక ప్రాణం.

ఇదే లెక్కను మరొక విధంగా చూడవచ్చు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం 5 మీటర్ల ఎత్తు నుండి కిందపడడంతో సమానం. 72 కిలోమీటర్ల వేగంతో ఢీకొనడం 20 మీటర్ల ఎత్తు నుండి, అనగా సుమారు ఆరంతస్తుల మేడ మీది నుండి, పడడంతో సమానం. మేడ అంచున నిలబడిన మనిషికి కాళ్ళు వణుకుతాయి. బండిపై అదే అపాయంలో ఉన్నవానికి మాత్రం ముఖానికి గాలి హాయిగా తగులుతుంది. వేగంలోని మోసం ఇదే. ఇంత సాహసం చేసి అతడు ఆదా చేసేది ఎంత? రెండు కిలోమీటర్ల దూరాన్ని 40 కిలోమీటర్ల వేగంతో పోతే మూడు నిమిషాలు, 60 కిలోమీటర్ల వేగంతో పోతే రెండు నిమిషాలు పడుతుంది. మిగిలేది ఒక్క నిమిషం. ఆ నిమిషం కూడా తరువాతి సిగ్నల్ వద్ద ఖర్చయిపోతుంది. 'నిదానమే ప్రధానం' అన్న సామెత ఈ లెక్కకు సారాంశం.

సెల్‌ఫోను మన కాలంలో పుట్టిన కొత్త ప్రమత్తత. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతూ రెండు సెకన్లు ఫోను వైపు చూస్తే 30 మీటర్ల దూరం కళ్ళు మూసుకొని నడిపినట్లే. తలను భుజానికి వంచి ఫోనును ఇరికించుకొని మాట్లాడుతూ పోయేవారికి ఒక పక్క దారి కనిపించదు. చెవులలో పాటలు వింటూ నడిచే పాదచారికి వెనుక నుండి వచ్చే బస్సు చప్పుడు వినిపించదు. చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనస్సు ఖాళీగా ఉన్నట్లు కాదు. సంభాషణలో మునిగిన మనస్సు ఎదుట ఉన్నదాన్ని చూస్తూ కూడా గ్రహించదు. మద్యం సేవించి నడపడం గురించి చెప్పనక్కరలేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే చట్టం దాన్ని నేరంగా పరిగణిస్తుంది. 'ప్రమత్తుడు' అనే పదానికి గల రెండు అర్థాలు అక్కడ ఒక్కటవుతాయి.

శిరస్త్రాణం చరిత్రలో ఒక సంఘటన గుర్తుంచుకోదగినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని ప్రసిద్ధికెక్కిన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటారు సైకిలుపై పోతూ, సైకిళ్ళపై ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. అతడు శిరస్త్రాణం ధరించలేదు. తలకు తగిలిన గాయంతో ఆరు రోజుల తరువాత మరణించాడు. అతనిని చూసిన వైద్యులలో ఒకరైన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరచిపోలేదు. మోటారు సైకిలు నడిపే సైనికుల తలగాయాలను అధ్యయనం చేసి, శిరస్త్రాణం ప్రాణాలను కాపాడుతుందని 1941లో ప్రకటించాడు. యుద్ధరంగం నుండి ప్రాణాలతో తిరిగివచ్చిన వీరుడు పల్లెదారిలో మరణించడం నుండి లోకం ఒక పాఠం నేర్చుకున్నది. అనేక పరిశోధనలను క్రోడీకరించిన సమీక్ష ప్రకారం శిరస్త్రాణం మరణావకాశాన్ని 42 శాతం, తలగాయాల అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుంది. అయితే దానికి ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. పట్టీ బిగించని శిరస్త్రాణం మనిషి కిందపడకముందే ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్నవారి తల కూడా అంతే విలువైనదని గుర్తించి, చట్టం వారికి కూడా దీన్ని తప్పనిసరి చేసింది.

భారతదేశంలో 2022 సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. అనగా గంటకు 19 మంది. మృతులలో 50,029 మంది శిరస్త్రాణం ధరించనివారు. 32,825 మంది పాదచారులు. మృతులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18 నుండి 45 సంవత్సరాల మధ్య వయస్కులు. ప్రపంచవ్యాప్తంగా 5 నుండి 29 సంవత్సరాల వయస్సు వారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే మొదటి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మశూచి, కలరా వంటి వ్యాధులకు ఒకప్పుడు జనం భయపడేవారు. నేడు యువతను అన్నిటికంటె ఎక్కువగా బలిగొంటున్నది ఏ వ్యాధీ కాదు. ఈ అంకెలలో ఒక్కొక్కటి ఒక ఇంటి భోజనాల వేళ ఖాళీగా మిగిలిన పీట.

ఇంటర్మీడియట్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన నియమం మరొకటి ఉన్నది. పదహారేళ్ళు నిండినవారు 50 ఘనపు సెంటీమీటర్ల లోపు ఇంజను గల మోటారు సైకిలును మాత్రమే లైసెన్సు పొంది నడపవచ్చు. నేడు వీధులలో తిరిగే పెట్రోలు స్కూటర్లు చాలావరకు దానికి రెట్టింపుకు పైబడినవే. కాబట్టి వాటిని నడపడానికి పద్దెనిమిదేళ్ళు నిండవలసిందే. మైనరు నేరం చేస్తే అతని సంరక్షకుని లేదా వాహన యజమానిని దోషిగా భావించి, మూడేళ్ళ వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించే నిబంధనను 2019 సవరణ చేర్చింది. వాహనం రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లభించదు. ముద్దుకొద్దీ తాళంచెవి ఇచ్చిన తల్లిదండ్రులు న్యాయస్థానం ముందు నిలబడవలసి వస్తుంది. కొడుకు ముచ్చట తీర్చామని సంబరపడేవారు 'మొక్కై వంగనిది మానై వంగునా?' అన్న సామెతను తలచుకోవాలి. అట్లాగే ద్విచక్ర వాహనంపై చోదకుడు గాక మరొకరికి మాత్రమే చట్టం అనుమతి ఇచ్చింది. ముగ్గురు ఎక్కిన బండిని అదుపు చేయడం, సమయానికి ఆపడం రెండూ కష్టమే.

పెద్ద వాహనాల పక్కన నడిచేటప్పుడు మరికొంత మెలకువ అవసరం. బస్సు డ్రైవరుకు ఎడమవైపు ముందుభాగానికి ఆనుకొని ఉన్న బండి కనిపించకపోవచ్చు. ఎడమవైపు మలుపు తిరిగే బస్సు వెనుక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారినే పోవు. వాటికంటె లోపలికి ఒదిగి సాగుతాయి. సందు దొరికింది కదా అని బస్సుకు, కాలిబాటకు మధ్య దూరినవాడు ఆ చక్రాల దారిలోనే నిలబడతాడు. మెట్రో స్తంభాల చాటు నుండి పాదచారి హఠాత్తుగా రావచ్చునని చోదకుడు ఊహించాలి. పాదచారి కూడా ఎక్కడపడితే అక్కడ విభాజకాన్ని దాటడం మాని, స్టేషను మెట్లెక్కి అవతలి వైపు దిగడం మేలు. తొలకరి జల్లులకు దారిపై పేరుకొన్న నూనె, దుమ్ము కలిసి జారుడు ఏర్పడుతుంది. ఆ రోజులలో వేగం సగానికి తగ్గించాలి. రాత్రివేళ ఎదుటివాని కళ్ళలోకి పెద్ద దీపం వేస్తే, గుడ్డివాడయ్యేది అతడైనా ఢీకొనేది మనలనే. ఆసుపత్రి సమీపంలో హారను మోగించడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం, అంతకుమించి ఇచ్చిన దారిలో దాని వెనుకనే దూసుకుపోవడం మానవత్వం లేని పనులు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా కళ్ళముందు దుర్ఘటన జరుగవచ్చు. అప్పుడు గుమికూడి చూడడం, ఫోనులో చిత్రాలు తీయడం సహాయం కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అత్యవసర సేవకు వెంటనే సమాచారం అందించాలి. మనం నిలబడిన చోటు గుర్తులను స్పష్టంగా చెప్పాలి. క్షతగాత్రుని ఇష్టం వచ్చినట్లు లాగి ఎత్తరాదు. మెడకు, వెన్నెముకకు గాయం ఉంటే హాని పెరుగుతుంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. సహాయం చేస్తే పోలీసుల చుట్టూ తిరగాలేమోనన్న భయం అక్కరలేదు. సహాయకులను వేధించరాదన్న మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019 సవరణ ద్వారా ఆ రక్షణ చట్టంలో కూడా చేరింది.

చలానా భయంతో నియమాన్ని పాటించేవాడు పోలీసు కనిపించని చోట దాన్ని విడిచిపెడతాడు. అలవాటుగా పాటించేవాడు ఎవరూ చూడని చోట కూడా విడువడు. అందువల్ల క్రమశిక్షణకు అసలైన పరీక్ష తార్నాక కూడలిలో కాదు. నిర్మానుష్యమైన ఆవరణ దారిలో, ఉదయం ఆరు గంటలకు, ఎవరూ లేనప్పుడు. అక్కడ శిరస్త్రాణం పట్టీ బిగించుకొన్న చేయి కూడలిలో దానంతట అదే బిగించుకొంటుంది. అక్కడ పాదచారిని చూసి ఆగిన బండి ఇక్కడ కూడా ఆగుతుంది. తీగకంచె నాకా తార్నాకలో ఏనాడో అంతరించింది. ప్రతి చోదకుడు బండి తాళం తిప్పడానికి ముందు తన మనస్సులో నిలుపుకోవలసిన నాకా పేరే అప్రమత్తత.

కఠిన పదాలకు అర్థాలు

ఏమరుపాటు : అజాగ్రత్త, పరాకు
ధాతువు : క్రియకు మూలమైన పదరూపం
చోదకుడు : వాహనం నడిపేవాడు
కూడలి : దారులు కలిసే చోటు, చౌరస్తా
శిరస్త్రాణం : తలను రక్షించేది, హెల్మెట్
పాదచారి : కాలినడకన పోయేవాడు
విభాజకం : రహదారిని రెండుగా చీల్చే గట్టు, డివైడరు
క్రోడీకరించు : ఒకచోట చేర్చు
క్షతగాత్రుడు : గాయపడినవాడు
నిర్మానుష్యం : మనుషులు లేనిది

ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఇరవై వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రహదారిపై కనిపించే దురలవాట్లను, వాటి పర్యవసానాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. 'క్రమశిక్షణకు అసలైన పరీక్ష ఎవరూ లేని దారిలోనే' అన్న భావాన్ని సమర్థించండి.

II. ఈ కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. వేగం రెట్టింపైతే బండి ఆగే దూరం ఎట్లా మారుతుంది?
2. లారెన్స్ మరణం శిరస్త్రాణ పరిశోధనకు ఎట్లా కారణమైంది?
3. దుర్ఘటన జరిగినప్పుడు చేయవలసినవి, చేయరానివి ఏవి?

III. ఒకటి రెండు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 'ప్రమాదం' అనే పదానికి సంస్కృతంలో గల అర్థమేమి?
2. తార్నాకకు ఆ పేరు ఎట్లా వచ్చిందని చెబుతారు?
3. మైనరు వాహనం నడిపి నేరం చేస్తే ఎవరు శిక్షార్హులు?

IV. సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం : సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి
ఒక్కొక్కటి = ఒక్క + ఒక్కటి : ఆమ్రేడిత సంధి

V. సమాసాలు
తల్లిదండ్రులు : తల్లియును, తండ్రియును : ద్వంద్వ సమాసం
ద్విచక్రం : రెండైన చక్రములు గలది : బహువ్రీహి సమాసం
మరణావకాశం : మరణము యొక్క అవకాశము : షష్ఠీ తత్పురుష సమాసం

VI. ప్రాజెక్టు పని
మీ కళాశాల సమీపంలోని కూడలిలో కాలిబాటపై సురక్షితంగా నిలబడి అరగంటసేపు పరిశీలించండి. శిరస్త్రాణం లేనివారు, ఎదురుదిశలో వచ్చేవారు, ముగ్గురు ఎక్కిన బండ్లు ఎన్ని ఉన్నాయో లెక్కించి పట్టిక తయారుచేయండి. వాటిని తగ్గించడానికి మీ సూచనలు రాసి తరగతిలో చర్చించండి.